కింది మంచం, రాత్రిపూట

రోలాలో ప్రతి దీపస్తంభానికీ గడ్డం ఉంటుంది.
ఫోన్ నెంబర్లు తోకలుగా కత్తిరించిన
కాగితాల గడ్డం.
"బెడ్ స్పేస్. ఆడవాళ్లకు మాత్రమే. వంట కుదరదు."
"కేరళ వాళ్లకు." "ఫిలిప్పీన్స్ వాళ్లకు."
"మర్యాదస్తులకు."
నేను ఏ వాళ్లనో తేల్చుకోలేక
స్తంభానికొక తోక తెంచుకుంటూ పోయాను.
ఆగస్టు.
పాస్‌పోర్టు కవరు చంకలో ఉడికి మెత్తబడింది.

కాలేజీ హాస్టల్ ఫీజు చదివి వినిపిస్తే
మా చిన్నాయన ఫోన్లో కాసేపు ఊపిరి మాత్రమే పంపాడు.
"నెలకా, ఏడాదికా?"
టర్ముకి, అన్నాను.
"టర్మంటే ఎంత పాపా?"
నేను చెప్పకముందే
"సరేలే, యాడన్నా చూడు" అన్నాడు.

చూశాను.
ఒకచోట బాల్కనీకి ప్లైవుడ్ కొట్టి గది అన్నారు,
వాషింగ్ మెషీన్‌ది అక్కడ పాత కాపురం.
ఒకచోట తలుపు తీసినామె
ఏం చదువుతావంది. ఆర్కిటెక్చర్, అన్నాను.
లోపలికి తిరిగి ఎవరితోనో చెప్పింది.
లోపల అయిదారు గొంతులు నవ్వాయి.
నాకూ నవ్వొచ్చింది, మెట్లు దిగాక.

ఏడో తోక థెరీసా ఆంటీది.
"కింది మంచం. రాత్రి ఎనిమిది నుంచి
పొద్దున ఏడు దాకా నీది.
పగలు ఇంకో అమ్మాయిది. అద్దెలో సగం."
మంచానికి షిఫ్టులుంటాయంటే
రాయచోటిలో ఎవరు నమ్ముతారు?
అక్కడ మనిషి లేవగానే మంచం
వడియాలు ఎండబెట్టుకోడానికి.

ఆమె పేరు మన్‌మాయ. నేపాల్.
ఎయిర్‌పోర్టులో రాత్రంతా నేల తుడుస్తుంది.
నేను వెళ్లాక వస్తుంది. నేను వచ్చేలోపు వెళ్లిపోతుంది.
దిండు మీద ఆవనూనె వాసన,
గోడ మేకుకి ఒక ఎర్ర రిబ్బను,
దుప్పటి మడతల్లో అప్పుడప్పుడొక పొడుగు వెంట్రుక:
నాకు తెలిసిన మన్‌మాయ ఇంతే.
నేను లేచిన వెచ్చదనం ఆమెకి అందేది.
ఆమెది నాకు అందేది కాదు,
మధ్యలో రెండు గంటల ఏసీ తినేసేది.
ఆ లెక్క ఎందుకో బాకీలా ఉండేది.

నవంబరులో మా సారు ఇచ్చిన పని:
నలుగురి కుటుంబానికి ఇల్లు.
మంచం మీదే బోర్లా పడుకుని గీశాను.
హాలు, రెండు పడకగదులు, తూర్పు కిటికీ,
మెట్ల కింద ఖాళీ.
నిద్రలో ట్రేసింగ్ పేపరు పరుపు కిందికి జారింది.
తెల్లారి మర్చిపోయాను.

రాత్రికి అది దిండు మీద ఉంది,
చక్కగా చుట్టి, ఎర్ర రిబ్బను కట్టి.
విప్పితే, మెట్ల కింది ఖాళీలో
బాల్‌పెన్నుతో ఒక చిన్న పెట్టె.
పెట్టెకి ఒక కిటికీ.
పక్కన హిందీలాంటి అక్షరాలు.
బడిలో నేర్చుకున్నంతలో కూడబలుక్కున్నాను:
"యహాఁ మ."
ఇక్కడ, అని తెలిసింది.
మ అంటే పేరులో మొదటి అక్షరం అనుకున్నాను,
నీళ్ల బిందె మీద చెక్కించుకున్నట్టు.

వారం తర్వాత కాలేజీ గేటు దగ్గర
నేపాలీ వాచ్‌మన్‌ని అడిగాను.
ఆయన కాగితం చూడలేదు, నా మొహం చూశాడు.
"మ అంటే నేను" అన్నాడు.

సారు ముందు బొమ్మ పరిచిన రోజు
ఆయన వేలు అన్ని గదులూ తిరిగి
మెట్ల కింద ఆగింది.
"ఇదెవరిది? నలుగురే కదా."
స్టోర్ రూం అంటే సరిపోయేది.
నోరు రాలేదు.
"పగలు పడుకునే వాళ్లది సార్."
రెండు మార్కులు తగ్గించాడు,
కొలతలు చాలవని.
ఆరడుగులు ఇంటు రెండున్నర.
నిజమే, చాలవు.

వచ్చే ఈద్‌కి ఇద్దరికీ సెలవట.
రాత్రీ ఉంటుంది, పగలూ ఉంటుంది,
మంచం ఒకటే.
థెరీసా ఆంటీ ఇంకా ఏమీ చెప్పలేదు.
నేను మాత్రం రిబ్బను ఉతికి
మేకుకి ఆరేశాను.